ఫిల్టర్ ఇరుక్కుపోయిందా? ముందు గట్టిగా నొక్కడం ఆపండి

పచ్చడి సీసా మూత బిగుసుకుపోతే మా ఇంట్లో నన్నే పిలుస్తారు. ఆ ధైర్యంతోనే రెండేళ్ల కిందట రూమ్మేట్ లెన్స్ మీద ఇరుక్కుపోయిన ఫిల్టర్‌ని నేనే తీసేస్తానన్నాను. తియ్యలేకపోయాను సరికదా, పది నిమిషాల్లో పనిని ఇంకా కష్టం చేసి పెట్టాను.

జరిగింది ఇదీ. డిసెంబర్‌లో లంబసింగి వెళ్లాం. కెమెరా, దాని 18-55 కిట్ లెన్స్ రూమ్మేట్‌వి. దాని ముందు పెట్టిన 58 ఎంఎం సిపిఎల్ ఫిల్టర్, అంటే సర్క్యులర్ పోలరైజర్, నాది. ముందురోజు మధ్యాహ్నం నర్సీపట్నంలో మంచి ఎండ. ఆకాశం నీలంగా వస్తుందని ఫిల్టర్ బిగించాను. మర్నాడు తెల్లవారుజామున లంబసింగిలో మంచు, వెలుతురు తక్కువ. సిపిఎల్ ఉంటే ఒకటిన్నర స్టాప్ దాకా వెలుగు తగ్గిపోతుంది కాబట్టి తీసేద్దామని చూస్తే కదల్లేదు. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. నేను ఎంత నొక్కితే అది అంత బిగుసుకుంటోంది. చివరికి ఫిల్టర్‌తోనే నాలుగు ఫొటోలు తీసుకుని వచ్చేశాం.

అసలు టెన్షన్ హైదరాబాద్ వచ్చాక మొదలైంది. ఆ కెమెరా, లెన్స్ సెకండ్‌హ్యాండ్‌లో అమ్మడానికి రూమ్మేట్ అప్పటికే బేరం మాట్లాడుకున్నాడు. ఆ డబ్బు వాళ్ల చెల్లెలి సెమిస్టర్ ఫీజుకి. కొనేవాళ్లు ఆదివారం సాయంత్రం వస్తామన్నారు. ఆదివారం పొద్దున నేను చేసిన ఘనకార్యం ఏంటంటే, ప్లయర్ తెచ్చి ఫిల్టర్ రింగ్‌ని పట్టి తిప్పడం. రింగ్ మీద రెండు గాట్లు పడ్డాయి. ఫిల్టర్ మాత్రం అక్కడే ఉంది.

"రేయ్, అది అమ్మాల్సిన లెన్స్‌రా. వదిలెయ్" అన్నాడు. అప్పుడు కూర్చుని, అసలు ఇది ఎందుకు ఇరుక్కుంటోందో ఆలోచించడం మొదలుపెట్టాను. ఆ పని ముందే చెయ్యాల్సింది.

ఎందుకు ఇరుక్కుంటుంది?

ఫిల్టర్ అంటే ఒక పల్చటి అల్యూమినియం రింగ్, అందులో గాజు. రింగ్ వెనక మర ఉంటుంది. ఎక్కువ లెన్సుల్లో ఈ మర చుట్టుకీ చుట్టుకీ మధ్య దూరం 0.75 ఎంఎం మాత్రమే. అంత సన్నని మరలో కొంచెం ఇసుక, దుమ్ము చేరినా, రింగ్ కొంచెం వంకరగా ఎక్కినా పట్టేస్తుంది. పైగా అల్యూమినియం మీద అల్యూమినియం రాసుకుంటే ఒకదాన్నొకటి గీరుకుని పట్టేసే గుణం ఉంది. ఇత్తడి రింగులకి ఈ బాధ తక్కువ. కొన్ని ఖరీదైన ఫిల్టర్లు ఇత్తడితో రావడానికి అది కూడా ఒక కారణం.

ఇక అసలు పాయింట్. ఫిల్టర్ రాకపోతే మనం బొటనవేలు, చూపుడువేలు పెట్టి రెండు వైపులా నొక్కి తిప్పుతాం. పల్చటి రింగ్‌ని రెండు చోట్ల నొక్కితే అది గుండ్రంగా ఉండదు, కోడిగుడ్డు ఆకారంలోకి వస్తుంది. నొక్కిన వైపు లోపలికి వెళ్తుంది, రెండో వైపు బయటికి ఉబ్బుతుంది. ఉబ్బిన వైపు మర వెళ్లి లెన్స్ మరకి గట్టిగా ఒత్తుకుంటుంది. అంటే మనం ఒకేసారి తిప్పుతూ బ్రేక్ కూడా వేస్తున్నామన్నమాట. ఇంకా బలంగా నొక్కితే ఇంకా బలమైన బ్రేక్. ప్లయర్ అయితే చెప్పక్కర్లేదు.

కాబట్టి ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే: బలం పెంచడం కాదు, ఆ బలాన్ని రింగ్ చుట్టూ సమానంగా పంచడం. కింద చెప్పే పద్ధతులన్నీ ఈ ఒక్క విషయం మీదే నడుస్తాయి.

మొదలుపెట్టే ముందు నాలుగు పనులు

ఒకటి, లెన్స్‌ని కెమెరా నుంచి విప్పి వెనక క్యాప్ పెట్టండి. బాడీకి ఉండగా తిప్పితే ఆ బలం మౌంట్ మీద పడుతుంది.

రెండు, జూమ్ లెన్స్ అయితే ముందుభాగం బాగా లోపలికి వెళ్లే పొజిషన్‌లో పెట్టండి. ఫోకస్ చేసేటప్పుడు ముక్కు బయటికి వచ్చే లెన్సులు ఉంటాయి. కెనాన్ ఈఎఫ్ 50 ఎంఎం ఎఫ్/1.8 ఎస్‌టీఎం అలాంటిదే. దాన్ని విప్పే ముందే కెమెరా ఆన్‌లో ఉంచి ముక్కుని పూర్తిగా లోపలికి తెచ్చుకోవాలి. బయటికి ఉండగా మెలితిప్పితే లోపలి గేర్లు దెబ్బతినొచ్చు.

మూడు, ఫిల్టర్‌కి వీలైనంత దగ్గరగా, లెన్స్ ముందుభాగాన్నే పట్టుకోండి. ఎక్కడో వెనక జూమ్ రింగ్ దగ్గర పట్టుకుంటే మెలిక అంతా లెన్స్ లోపలి భాగాల మీద పడుతుంది.

నాలుగు, ఏ రింగ్‌ని తిప్పాలో చూసుకోండి. సిపిఎల్‌లోనూ, వేరియబుల్ ఎన్‌డీలోనూ రెండు రింగులు ఉంటాయి. ముందుది ఊరికే తిరుగుతూనే ఉంటుంది. అది ఎఫెక్ట్ మార్చుకోవడానికి. దాన్ని గంటసేపు తిప్పినా ఫిల్టర్ ఊడదు. లెన్స్‌ని ఆనుకుని ఉన్న సన్నటి వెనక రింగ్‌ని పట్టుకోవాలి. లంబసింగిలో నేను సగం టైమ్ ముందు రింగ్‌తోనే కుస్తీ పట్టాను.

దిశ విషయం కూడా తేల్చేద్దాం. ఫిల్టర్ మీ వైపు చూస్తుంటే ఫిల్టర్‌ని యాంటీక్లాక్‌వైజ్ తిప్పాలి. లెన్స్‌ని బోర్లా పెట్టి, వెనక నుంచి చూస్తూ లెన్స్‌నే తిప్పుతుంటే అప్పుడు కూడా యాంటీక్లాక్‌వైజే. సీసా మూత లాగే: మీ చెయ్యి తిప్పేది ఏదైనా, అది మీకు కనిపించే వైపు నుంచి యాంటీక్లాక్‌వైజ్.

పద్ధతి 1: రబ్బరు మీద బోర్లా పెట్టడం

ఇది పైసా ఖర్చు లేనిది, అందుకే ముందు ఇదే చెయ్యండి. మౌస్‌ప్యాడ్‌ని తిరగేసి రబ్బరు వైపు పైకి వచ్చేలా టేబుల్ మీద పెట్టండి. మౌస్‌ప్యాడ్ లేకపోతే శుభ్రంగా కడిగి ఆరబెట్టిన రబ్బరు చెప్పు అయినా సరే. దాని మీద లెన్స్‌ని ఫిల్టర్ కిందికి వచ్చేలా బోర్లా పెట్టి, రింగ్ రబ్బరుకి పట్టేంత మాత్రమే నొక్కి, లెన్స్‌ని నెమ్మదిగా తిప్పండి. రింగ్ అంచు మొత్తం ఒకేసారి రబ్బరుకి తగులుతుంది కాబట్టి అది గుడ్డు ఆకారంలోకి పోయే ప్రశ్నే లేదు.

దీనికి రెండు హద్దులున్నాయి. ఫిల్టర్ గాజు రింగ్ అంచు కన్నా లోపలికి ఉండాలి, లేకపోతే గాజు గీరుకుంటుంది. సిపిఎల్‌కి ఇది పనిచెయ్యదు, ఎందుకంటే రబ్బరుకి తగిలేది ఊరికే తిరిగే ముందు రింగే. యూవీ ఫిల్టర్లు, మామూలు ఎన్‌డీ ఫిల్టర్లు చాలా వరకు ఈ ఒక్క పద్ధతితోనే వచ్చేస్తాయి.

పద్ధతి 2: సైకిల్ ట్యూబ్ ముక్క

మాది సిపిఎల్ కాబట్టి మొదటి పద్ధతి కుదరలేదు. మధ్యాహ్నం వీధి చివర పంక్చర్ షాపుకి వెళ్లాను.

"అన్నా, పాత సైకిల్ ట్యూబ్ ముక్క ఏమైనా ఉందా?"

"ఎంత కావాలి తమ్ముడూ? బండి ఏది?"

బండి కాదు కెమెరా అని చెప్తే ఆయన నవ్వి, జానెడు ముక్క కోసి ఊరికే ఇచ్చేశాడు.

ఆ ముక్కని నిలువుగా చీల్చి, అర అంగుళం కన్నా సన్నటి పట్టీ కోసుకున్నాను. సబ్బుతో కడిగి, ఆరాక, సిపిఎల్ వెనక రింగ్ చుట్టూ మాత్రమే సాగదీసి రెండు చుట్లు చుట్టాను. ఇక్కడ జాగ్రత్త. పట్టీ ముందు రింగ్ మీదకి ఎక్కినా, లెన్స్ మీదకి జారినా లాభం లేదు, రెండూ కలిసి తిరుగుతాయి. తర్వాత ఐదు వేళ్లూ చుట్టూ పరిచి, నొక్కకుండా, రబ్బరు పట్టుతోనే తిప్పాలి. కూరగాయల కట్టలకి వచ్చే వెడల్పాటి రబ్బరు బ్యాండ్లు రెండు మూడు వేసుకున్నా ఇదే పని చేస్తాయి. గిన్నెలు తోమే రబ్బరు గ్లౌజులు కూడా బాగుంటాయి.

మొదటిసారి తిప్పినప్పుడు రాలేదు, ఎందుకంటే అలవాటుకొద్దీ మళ్లీ నొక్కేశాను. రెండోసారి వేళ్లు వదులు చేసి తిప్పితే చిన్న 'టిక్' శబ్దం వచ్చి కదిలింది. మిగతా చుట్లు మామూలుగానే వచ్చేశాయి. టైమ్ మధ్యాహ్నం మూడున్నర.

పద్ధతి 3: ఫిల్టర్ రెంచ్

ఇవి ప్లాస్టిక్‌తో చేసిన సగం చక్రాల్లాంటి పట్టులు, జతగా దొరుకుతాయి. ధర పెద్దగా ఉండదు. మీ ఫిల్టర్ సైజుకి సరిపోయేవి కొనాలి. 52, 58 ఎంఎంకి ఒక జత, 67, 77 ఎంఎంకి ఇంకో జత కావాల్సి రావచ్చు. లెన్స్ మీద ఉన్న ఫిల్టర్‌కి ఒకటి చాలు. ఒకదానికొకటి ఇరుక్కున్న రెండు ఫిల్టర్లకి మాత్రం రెండూ కావాలి, ఒక్కోదానికి ఒకటి.

వీటితో కూడా అదే తప్పు చెయ్యొచ్చు. రెంచ్ చివరలని నొక్కి పట్టుకుంటే మళ్లీ రింగ్ గుడ్డే అవుతుంది. రెంచ్‌ని రింగ్‌కి ఆనించి, పక్కకి తోసినట్టు తిప్పండి.

ఫ్రిజ్‌లో పెట్టే చిట్కా: ఎందుకు వద్దంటాను

"చల్లబరిస్తే లోహం కుంచించుకుంటుంది, ఫిల్టర్ వదులవుతుంది" అని చాలామంది చెప్తారు. వినడానికి కరెక్ట్‌గానే ఉంటుంది. లెక్క వేస్తే మాత్రం కిట్ లెన్సులకి ఇది తిరగబడుతుంది.

అల్యూమినియం ఒక డిగ్రీ సెల్సియస్ తేడాకి మీటరుకి సుమారు 23 మైక్రాన్లు మారుతుంది. లెన్సుల్లో వాడే పాలికార్బొనేట్ ప్లాస్టిక్ సుమారు 65 నుంచి 70 మైక్రాన్లు, అంటే దాదాపు మూడు రెట్లు. చాలా కిట్ లెన్సుల ముందుభాగంలో మర ప్లాస్టిక్‌దే. 58 ఎంఎం వ్యాసం, 20 డిగ్రీల తేడా అనుకుందాం. అల్యూమినియం ఫిల్టర్ 0.027 ఎంఎం దాకా కుంచించుకుంటే, చుట్టూ ఉన్న ప్లాస్టిక్ 0.078 ఎంఎం దాకా కుంచించుకుంటుంది. తేడా 0.05 ఎంఎం. మామూలు జిరాక్స్ పేపర్ మందంలో సగం. చూడ్డానికి చిన్నదే, కానీ 0.75 ఎంఎం మరలో ఇది తక్కువేం కాదు. నర్సీపట్నం ఎండలో సులువుగా ఎక్కిన ఫిల్టర్ లంబసింగి చలిలో రాకపోవడం వెనక ఇది కూడా ఉందని నాకు తర్వాత అర్థమైంది.

పచ్చడి సీసాకి వేడినీళ్లు పోస్తే పనిచేసేది మూత బయట ఉంటుంది కాబట్టి. మూత వ్యాకోచించి గాజు నుంచి దూరం జరుగుతుంది. ఫిల్టర్ బయట ఉండదు, లెన్స్ లోపలి మరలోకి ఎక్కుతుంది. అందుకే అక్కడి చిట్కా ఇక్కడ ఉల్టా అవుతుంది. లోహపు లెన్స్ అయితే రెండూ అల్యూమినియమే కాబట్టి ఫ్రిజ్‌లో రెండూ కలిసే కుంచించుకుంటాయి, ఒరిగేదేమీ లేదు.

పైగా ఫ్రిజ్ నుంచి తీసిన లెన్స్ మీద తేమ పడుతుంది. మన వర్షాకాలంలో లోపల తేమ చేరితే ఫంగస్ వచ్చే ప్రమాదం ఉంది. కాబట్టి చల్లటి చోట ఇరుక్కుంటే బ్యాగ్ జిప్ తియ్యకుండా అలాగే ఉంచి, గది వేడికి వచ్చాక ప్రయత్నించండి. దాని కోసం హెయిర్ డ్రయ్యర్ పెట్టకండి. లోపల గ్రీజు, జిగురు, ప్లాస్టిక్ భాగాలు ఉంటాయి.

డబ్ల్యూడీ-40, కొబ్బరినూనె గురించి

లెన్స్ మీద ఉన్న ఫిల్టర్‌కి ఏ నూనే వద్దు. మర సందుల్లోంచి నూనె దానంతట అదే లోపలికి పాకుతుంది. గాజు మీదకి, అపర్చర్ బ్లేడ్ల మీదకి చేరిందంటే ఫిల్టర్ ఖర్చు కాదు, లెన్స్ విప్పించే ఖర్చు అవుతుంది. విడిగా ఉన్న రెండు ఫిల్టర్లు ఇరుక్కుంటే మాత్రం, మిగతావన్నీ అయ్యాక, జాయింట్ దగ్గర ఒక్క చుక్క కుట్టుమిషన్ నూనె వేసి అరగంట ఆగొచ్చు. తర్వాత రింగునీ గాజునీ బాగా తుడిచి గానీ లెన్స్ దగ్గరికి తీసుకెళ్లొద్దు.

స్టెప్-అప్ రింగులు, మౌంట్ అడాప్టర్లు

స్టెప్-అప్ రింగ్ అంటే 58 ఎంఎం లెన్స్‌కి 77 ఎంఎం ఫిల్టర్ పెట్టుకోవడానికి మధ్యలో వేసే రింగ్. ఫిల్టర్ తీయబోతే చాలాసార్లు రింగ్‌తో కలిసి ఊడి వస్తుంది. కంగారుపడకండి, నిజానికి అది మంచిదే. లెన్స్ సేఫ్, ఇక మిగిలినవాటితో తీరిగ్గా పనిచేసుకోవచ్చు. రింగ్ ఒక్కటే లెన్స్‌కి ఇరుక్కుంటే, దాని ముందు మరలో ఒక పాత ఫిల్టర్‌ని మామూలుగా బిగించండి. పట్టుకోవడానికి మందం వస్తుంది, రింగ్‌కి గుండ్రటి ఆకారమూ నిలుస్తుంది. తర్వాత ట్యూబ్ పట్టీతో రెండింటినీ కలిపి తిప్పండి.

హీలియోస్ 44-2 లాంటి పాత ఎం42 లెన్సులు కొని మన కెమెరాలకి అడాప్టర్‌తో వాడేవాళ్లు ఉన్నారు. ఎం42 అంటే 42 ఎంఎం వ్యాసం, 1 ఎంఎం మర. ఆ అడాప్టర్ చాలా పల్చగా ఉంటుంది, లెన్స్‌కి పట్టేస్తే పట్టుకోవడానికి చోటే ఉండదు. దాన్ని కెమెరా బాడీలోనే పెట్టి బలంగా తిప్పాలని అనిపిస్తుంది. వద్దు, లాక్ పిన్ పాడవుతుంది. అదే మౌంట్‌కి సరిపోయే చవక ఎక్స్‌టెన్షన్ ట్యూబ్‌లో అడాప్టర్‌ని పెట్టి తిప్పండి. పోతే ఆ ట్యూబ్ పోతుంది.

ఫోన్ కిట్లకీ ఇదే కథ

ఇప్పుడు ఈ గొడవ ఫోన్లకి కూడా వచ్చింది. షావోమీ 14 అల్ట్రా ఫొటోగ్రఫీ కిట్‌లో 67 ఎంఎం ఫిల్టర్ అడాప్టర్ రింగ్ వస్తుంది. దాని మీద ఫిల్టర్ ఇరుక్కుంటే ముందు ఫోన్‌ని కేస్ నుంచి బయటికి తియ్యండి. ఫోన్ లోపల ఉండగా బలం పెడితే కెమెరా గాజు పక్కనే మీ చెయ్యి జారుతుంది. కేస్ ఒక్కదాన్నే పట్టుకుని, రింగ్ వెనక వేళ్లతో ఆసరా ఇచ్చి, పైన చెప్పిన రబ్బరు పద్ధతి చెయ్యండి.

దెబ్బ తగిలి రింగ్ సొట్టపోతే

కింద పడి ఫిల్టర్ అంచు సొట్టపోయి ఇరుక్కుంటే పైన చెప్పినవి పనిచెయ్యవు. బలవంతంగా తిప్పితే లెన్స్ మర కూడా అరిగిపోతుంది. ఫిల్టర్ గాజు పగిలి ఉంటే లెన్స్‌ని ముఖం కిందికి పట్టుకుని, ముక్కలు కిందికి రాలేలా చూసుకోండి. గుడ్డతో తుడవకండి, గీతలు పడతాయి. రిపేర్ చేసేవాళ్లు ఇలాంటప్పుడు గాజు తీసేసి, రింగ్‌కి ఒక చోట గాటు పెట్టి లోపలికి వంచి తీస్తారు. ఇంట్లో హాక్‌సా పట్టుకుని చేసే పని కాదిది. లోహపు పొడి లెన్స్ మీద పడితే ఫిల్టర్ కోసం లెన్స్‌ని పోగొట్టుకున్నట్టవుతుంది.

మళ్లీ ఇరుక్కోకుండా

బిగించేటప్పుడు ముందు ఒకసారి వెనక్కి, అంటే యాంటీక్లాక్‌వైజ్ తిప్పండి. మర మొదలు దొరికినప్పుడు చిన్నగా 'టక్' మని దిగుతుంది. అప్పుడు ముందుకి తిప్పితే వంకరగా ఎక్కదు. చివర ఆగాక ఇంకో పట్టు వెయ్యకండి, ఆగిన చోటే ఆపెయ్యండి. బీచ్‌కి వెళ్లొస్తే ఫిల్టర్ తీసి రెండు మరలనీ మెత్తటి పొడి బ్రష్‌తో దులపండి. యూవీ ఫిల్టర్ ఎప్పుడూ పెట్టే ఉంచేవాళ్లు నెలకోసారైనా తీసి పెట్టండి.

మరకి పెన్సిల్ రాయమనే సలహా కూడా ఉంది. గ్రాఫైట్ జారుడుగానే ఉంటుంది, కానీ ఉప్పు తేమ ఉన్నచోట గ్రాఫైట్, అల్యూమినియం కలిస్తే అల్యూమినియం తినేస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఉండేవాళ్లకి నేనైతే వద్దంటాను.

ఇంతకీ ఆ ఆదివారం కొనేవాళ్లు ఐదింటికి వచ్చారు. లెన్స్‌ని అటూ ఇటూ తిప్పి, ముందున్న మర మీద వేలు పెట్టి మరీ చూశారు. నా ప్లయర్ గాట్లు ఫిల్టర్ మీదే పడ్డాయి కాబట్టి లెన్స్‌కి ఏమీ కాలేదు. బేరం అనుకున్న రేటుకే తెగింది, ఫీజు టైమ్‌కి కట్టేశారు. ఆ సిపిఎల్ ఇంకా నా దగ్గరే ఉంది, రెండు గాట్లతో. జానెడు సైకిల్ ట్యూబ్ ముక్క కూడా కెమెరా బ్యాగ్‌లో పర్మనెంట్‌గా ఉంటోంది. మీ బ్యాగ్‌లో కూడా ఒకటి వేసుకోండి, బరువేం కాదు.